బ్యాటరీ వేడి – ముల్లు చెప్పే మాట

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం.)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు ఏదైనా సాంకేతిక విషయం చెప్పండి, ఇరవై నిమిషాలు చాలు" అన్నారు. నేను 34 ఏళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసి 2004లో రిటైరయిన వాణ్ణి. నాకు తెలిసిందల్లా ట్రాన్స్‌ఫార్మర్లు, వాటి వేడి. అందుకని వేడి గురించే చెబుతాను. అయితే ట్రాన్స్‌ఫార్మర్ వేడి కాదు, కారు బ్యాటరీ వేడి. అందులోనూ పందేనికి పనికొచ్చే ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ వేడి. "పింఛనుదారులకు పందెపు కార్లతో ఏం పని?" అని వెనక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. పని ఉంది. చివరిదాకా వినండి.

2024లో అమెరికాలో మా పెద్దబ్బాయి దగ్గర నాలుగు నెలలు ఉన్నాను. మా మనవడికి కార్ల పిచ్చి. ఒక ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. కంపెనీ పేరు మనకు అనవసరం. ఒక ఆదివారం నన్ను రేసు ట్రాక్‌కు తీసుకెళ్లాడు. అక్కడ డబ్బు కడితే ఎవరి కారును వాళ్లు తోలుకోవచ్చు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతానన్నాడు గానీ మా కోడలు ఒప్పుకోలేదు. కంచె దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి చుట్టు రాకెట్ లాగా వెళ్లింది. రెండోదీ అంతే. నాలుగో చుట్టుకు వచ్చేసరికి వెనకున్న మామూలు పెట్రోలు కారు దాన్ని దాటి వెళ్లిపోయింది. మనవడు దిగులుగా బయటికి వచ్చి, "పవర్ తగ్గించేసింది, తాతయ్యా" అన్నాడు.

లోపల కూర్చుని చూశాను. తెర మీద బ్యాటరీ ఉష్ణోగ్రత 57 డిగ్రీలు చూపిస్తోంది. అలవాటు కొద్దీ కిందికి దిగి, వంగి, కారు అడుగున చెయ్యి పెట్టబోయాను. మనవడు నవ్వి, "చెయ్యి పెడితే ఏం తెలుస్తుంది తాతయ్యా, నంబరు ఉందిగా" అన్నాడు.

మిత్రులారా, నేను ఆ మాట విని అక్కడే కాసేపు కూర్చుండిపోయాను. సరిగ్గా అదే మాట నలభై ఏళ్ల కిందట నేను మరొకరితో అన్నాను. అదేమిటో చివర్లో చెబుతాను. ముందు ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

ఐ స్క్వేర్ ఆర్

ఉదాహరణకు హ్యుందాయ్ కంపెనీ 2023లో తెచ్చిన అయానిక్ 5 ఎన్ అనే కారు తీసుకుందాం. దాని బ్యాటరీ 84 కిలోవాట్ అవర్లు, అంటే మన లెక్కలో 84 యూనిట్లు. అదేమంత ఆశ్చర్యం కాదు. ఒక మీట నొక్కితే పది సెకన్ల పాటు ఆ కారు 478 కిలోవాట్లు లాగుతుంది. మన భాషలో చెప్పాలంటే 5 హెచ్.పి. వ్యవసాయ మోటార్లు 128 ఒకేసారి ఆన్ చేసినట్టు. ఊళ్లో 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్లు దాదాపు అయిదు పెట్టినా చాలీచాలనట్టు ఉంటుంది. ఇదంతా ఒక కారు అడుగున, ఇద్దరు పడుకునే మంచమంత జాగాలో నుంచి రావాలి.

బ్యాటరీ వోల్టేజి సుమారు 700 అనుకోండి. కరెంటు 680 ఆంపియర్లు అవుతుంది. బ్యాటరీ లోపలి నిరోధం, లెక్క కోసం, 0.1 ఓం అనుకుందాం. ఐ స్క్వేర్ ఆర్ వేస్తే 46 కిలోవాట్లు. అంటే బకెట్‌లో వేసుకుని నీళ్లు కాచుకునే ఒక కిలోవాట్ హీటర్లు 46 ఆ పెట్టెలో పెట్టినట్టు. సెల్స్ బరువు 350 కిలోలు అనుకుంటే, అదే కరెంటు ఆగకుండా పారితే నిమిషానికి దాదాపు 8 డిగ్రీల చొప్పున ఎక్కుతుంది. కరెంటు సగానికి తగ్గిస్తే వేడి సగం కాదు, పావు వంతు అవుతుంది. కారు తనంతట తాను పవర్ తగ్గించుకోవడంలోని కిటుకు ఇదే. కాస్త తగ్గితే వేడి చాలా తగ్గుతుంది.

ఇంకొక విషయం. ఎలక్ట్రిక్ కారు బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటరుగా మారి కరెంటును తిరిగి బ్యాటరీలోకి తోస్తుంది. దానివల్ల ఆదా ఉంది, నిజమే. కానీ ఐ స్క్వేర్‌కు కరెంటు వస్తోందా పోతోందా అన్న పట్టింపు లేదు. రెండు వైపులా వేడే. పందెంలో గట్టిగా తోలడం, గట్టిగా ఆపడం తప్ప మధ్యలో ఏమీ ఉండదు కాబట్టి బ్యాటరీకి తెరిపి దొరకదు.

చలీ పనికిరాదు, వేడీ పనికిరాదు

వేడి చెడ్డది కాబట్టి చల్లగా ఉంచితే సరిపోతుందా అంటే, అదీ కాదు. లిథియం అయాన్ సెల్ చల్లగా ఉంటే లోపలి నిరోధం పెరుగుతుంది. తోలబోతే పవర్ ఇవ్వదు, చార్జింగ్ పెడితే తీసుకోదు. గడ్డకట్టే చలిలో బలవంతంగా చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. వేడెక్కితే పవర్ బాగానే ఇస్తుంది గానీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకే మామూలుగా 60 డిగ్రీల లోపలే కట్టడి చేస్తారు. అదుపు తప్పి చాలా పైకి పోతే లోపలి రసాయనాలే వేడి పుట్టించడం మొదలుపెడతాయి. ఆ వేడికి పక్క సెల్ అంటుకుంటుంది. అప్పుడిక కరెంటు ఆపినా ఆగదు.

పందెంలో ఈ రెండు గుణాలనూ వాడుకుంటారు. ఆ అయానిక్ కారులోనే బయలుదేరే ముందు బ్యాటరీని సిద్ధం చేసుకోవడానికి రెండు పద్ధతులు పెట్టారు. పావు మైలు పరుగు పందెమైతే బ్యాటరీని సుమారు 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచుతుంది. కాస్త వెచ్చగా ఉంటే నిరోధం తగ్గి ఒక్క ఊపులో బలమంతా ఇస్తుంది. పరుగు పది పన్నెండు సెకన్లలో అయిపోతుంది కాబట్టి ఆ తర్వాతి సంగతి అక్కర్లేదు. చుట్లు చుట్లుగా తిరిగే ట్రాక్ అయితే 20 నుంచి 30 డిగ్రీలకు దించి పంపిస్తుంది. కిందినుంచి మొదలైతే పైకి ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, అన్ని చుట్లు ఎక్కువ వస్తాయి. టెస్లా వారి మోడల్ ఎస్ ప్లాయిడ్‌లో కూడా పరుగు పందేనికి ముందు కొన్ని నిమిషాలు ఆగి బ్యాటరీని వెచ్చబెట్టుకునే ఏర్పాటు ఉంది. పహిల్వాన్ గోదాలోకి దిగేముందు బస్కీలు తీసి ఒళ్లు వెచ్చబరచుకున్నట్టు.

చల్లబరచడానికి సాధారణంగా సెల్స్ కింద పలకలు పెట్టి, వాటిలో గ్లైకాల్ కలిపిన నీళ్లు తిప్పుతారు. ఆ నీళ్లను కారు ఏ.సి. యంత్రమే చల్లబరుస్తుంది. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం మెర్సిడెస్ ఏఎంజీ వారు 2021లో తెచ్చిన పద్ధతి. అది పెట్రోలు ఇంజను కూడా ఉన్న హైబ్రిడ్ కారు, బ్యాటరీ చిన్నది. అందులో 560 సెల్స్ చుట్టూ 14 లీటర్ల ద్రవం నేరుగా పారుతుంది. ఆ ద్రవం కరెంటును పారనివ్వదు. బ్యాటరీని సగటున 45 డిగ్రీల దగ్గర నిలుపుతుంది. అది చదివి మా మనవడితో, "ఒరే, ఇది మన ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలే కదరా!" అన్నాను. వేడి పుట్టే చోటికే నూనెను పంపాలన్న ఆలోచన మన శాఖలో మన తాతల నాటిది.

ఏం చూపించాలి, ఎంత చూపించాలి

వేడిని అదుపు చేయడం ఒక పని, దాన్ని తోలే మనిషికి చెప్పడం మరో పని. ఈ రెండోదాని గురించే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నాను.

కొందరు అంకె చూపిస్తారు. కొందరు రంగు చూపిస్తారు. టెస్లా ట్రాక్ మోడ్‌లో కారు బొమ్మ వేసి, భాగం చల్లగా ఉంటే నీలం, సరిగా ఉంటే ఆకుపచ్చ, వేడెక్కితే ఎరుపు వేస్తారు. రోజువారీ కార్లు చాలావాటిలో ఇవేవీ ఉండవు. పవర్ తగ్గించాల్సి వచ్చినప్పుడు ఒక హెచ్చరిక బొమ్మ వెలుగుతుంది. కొన్నిట్లో అది తాబేలు బొమ్మ. సంగతి అర్థమవుతుంది గానీ అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఏది మంచిది? మన షుగరు రిపోర్టు సంగతే చూడండి. డాక్టరు గారు "పరవాలేదు" అంటే కొందరికి చాలు. కొందరం అంకె ఎంతో అడుగుతాం, పోయిన నెల అంకెతో పోల్చుకుంటాం. వేగంగా తోలేవాడికి రంగు చాలదని నా అభిప్రాయం. ఆకుపచ్చ అంటే 25 కావచ్చు, 44 కావచ్చు. ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, ఎంత వేగంగా ఎక్కుతోందన్నది కూడా కావాలి. చుట్టుకు 3 డిగ్రీలు ఎక్కుతోందా, 9 ఎక్కుతోందా తెలిస్తే, ఇంకెన్ని చుట్లు మిగిలాయో మనిషి తానే లెక్క వేసుకుంటాడు.

అయితే ఆ అంకె ఎవరిది? బ్యాటరీలో వందల సెల్స్ ఉంటాయి. అన్నిటికీ సెన్సర్లు ఉండవు, కొన్నిటికే ఉంటాయి. నీళ్లు లోపలికి వచ్చే వైపు సెల్స్ చల్లగా, బయటికి పోయే వైపు వేడిగా ఉంటాయి. సగటు చూపిస్తే వేడి సెల్ దాక్కుంటుంది. పవర్ తగ్గించాలా అన్నప్పుడు అన్నిటికంటే వేడి సెల్ మాట వినాలి. చలికాలం ఉదయం చార్జ్ చేయాలా అన్నప్పుడు అన్నిటికంటే చల్లటి సెల్ మాట వినాలి. సెల్ పైన తొడుగు మీద పెట్టిన సెన్సరుకు లోపలి వేడి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. అందుకని లోపల ఎంత ఉంటుందో కంప్యూటరు కరెంటును బట్టి లెక్క కడుతుంది.

ఇదీ మనకు కొత్త కాదు. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ వేడిని మనం ఎప్పుడైనా నేరుగా కొలిచామా? హై వోల్టేజి వైండింగ్ లోపల థర్మామీటరు పెట్టలేం. అందుకని ఆయిల్ వేడి తీసుకుని, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటుతో ఒక చిన్న హీటరును వేడి చేసి, ఆ రెండూ కలిపి ముల్లు తిప్పాం. అది వేడి కాదు, వేడికి నకలు. పాతకాలం ఇంజనీర్ల తెలివి అది. నేటి కార్లలో అదే పని కంప్యూటరు చేస్తోంది.

ఈ సందర్భంలో మన ఊరి సంగతి ఒకటి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. మీలో కొందరు ట్రాఫిక్ ఆంక్షల్లో ఇరుక్కుని ఉంటారు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లలో ముందూ వెనకా మోటార్లు కలిపి బ్రేకు వేసినప్పుడు 600 కిలోవాట్ల వరకు తిరిగి బ్యాటరీలోకి తోయగలవు. ఆ పందెం నియమాల్లో ఒక విశేషం ఉంది. పరుగు సాగుతుండగా కారులోని కొలతలు వైర్‌లెస్ మీద నేరుగా జట్టు ఇంజనీర్లకు చేరవు. మిగిలిన శక్తి ఎంత, వేడి ఎంత అన్నది తోలేవాడే చూసి రేడియోలో చెప్పాలి. ఇది చదివినప్పుడు నాకు గంట గంటకూ లోడ్ డిస్పాచ్‌కు ఫోన్‌లో రీడింగులు చెప్పే మన షిఫ్ట్ ఆపరేటర్లు గుర్తుకొచ్చారు. ముల్లు ఎంత మంచిదైనా, దాన్ని చూసి చెప్పే మనిషి ఒకడు ఉండాలి. చెబితే వినే మనిషి ఇంకొకడు ఉండాలి.

నేను వినని మాట

ఇక నేను మొదట ఆపిన సంగతి.

1984 మార్చి. రబీ వరి పొట్ట మీద ఉంది. నేను అసిస్టెంట్ ఇంజనీరును. సబ్‌స్టేషన్ పేరు చెప్పను. మోటార్లన్నీ నడుస్తున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయలేనంత లోడు. ఆయిల్ ఉష్ణోగ్రత చూపే మీటరు రిపేరుకు పంపి నెల దాటింది. వైండింగ్ ఉష్ణోగ్రత చూపే ముల్లు ఒక్కటే దిక్కు. ఫాన్లు ఆన్ కావాలన్నా, అలారం మోగాలన్నా దాని వల్లనే.

మధ్యాహ్నం షిఫ్టులో ఉన్న ఆపరేటరు నాకంటే పదిహేనేళ్లు పెద్ద. రెండు గంటలప్పుడు నా దగ్గరికి వచ్చి, "సార్, పదకొండు నుంచి ముల్లు 70 దగ్గరే ఉంది. లోడు పెరిగింది గానీ అది కదల్లేదు. ఫాన్లు కూడా తిరగడం లేదు. రేడియేటరు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాను. ఒకసారి వచ్చి చెయ్యి పెట్టి చూడండి" అన్నారు. నాకు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి, లోడ్ తీయొద్దని. విసుగ్గా, "మీటరు 70 చూపిస్తుంటే నీ చెయ్యి ఎంత చూపిస్తుందయ్యా?" అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా వెళ్లిపోయారు.

సాయంత్రం అయిదున్నరకు బుక్‌హోల్జ్ రిలే పనిచేసి ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్పయింది. వైండింగ్ ఇన్సులేషన్ పోయింది. ముల్లు అప్పటికీ 70 దగ్గరే ఉంది. వేరే లైను మీద రోజుకు మూడు గంటల చొప్పున రెండు వారాలు నెట్టుకొచ్చాం. ఎండిన వరి దుబ్బులు చేత్తో పట్టుకుని రైతులు ఆఫీసు ముందు నిలబడటం నేను మరచిపోలేదు.

విచారణ వచ్చింది. "ఉష్ణోగ్రత మీటరు పనిచేయనందున లోపం ముందుగా గమనించబడలేదు" అని నేను నివేదిక రాశాను. అది అబద్ధం. గమనించిన మనిషి ఉన్నాడు. లాగ్ పుస్తకంలో వరసగా 70, 70, 70 అని ఆయన చేతిరాతే ఉంది కాబట్టి, ఇన్ని గంటలు ఒకే రీడింగు వస్తుంటే ఎందుకు చెప్పలేదని ఆయనకే మెమో వచ్చింది. చెప్పానని ఆయన జవాబు రాశారు. నన్ను అడిగారు. నాకు గుర్తు లేదన్నాను. ఒక ఇంక్రిమెంటు క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపారు. దాని అర్థం ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. సర్వీసు ఉన్నన్నాళ్లూ ప్రతి నెలా ఆ కోత ఉంటుంది. ఆ తర్వాత పింఛనులో, ఆయన పోయాక వారి శ్రీమతి గారి కుటుంబ పింఛనులో కూడా ఆ కోత ఈ నెల వరకూ ఉంది.

ఆయన నాతో ఒక్కసారి కూడా ఆ విషయం ఎత్తలేదు. నేనూ క్షమాపణ అడగలేదు. అడుగుదామనుకునే లోపల ఆయన వెళ్లిపోయారు.

ఆ రోజు రేసు ట్రాక్ దగ్గర మనవడికి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "తాతయ్యా, ఇప్పుడు కారు కంప్యూటరు చేసేది అదే పని. కరెంటు ఇంత పారుతోంది కాబట్టి వేడి ఇంత పెరగాలి అని లెక్క వేసుకుంటుంది. ఒక సెన్సరు కదలకుండా కూర్చుంటే పక్క సెన్సర్లతో పోల్చి, దీన్ని నమ్మకూడదని గుర్తుపెడుతుంది" అన్నాడు. కారు అడుగున చెయ్యి పెడితే ఏమీ తెలియదన్న వాడి మాట కూడా నిజమే. బ్యాటరీకి మందపాటి కవచం ఉంటుంది. కానీ ఆ ఆపరేటరు గారు చేసింది చెయ్యి పెట్టడం ఒక్కటే కాదు. లోడు పెరిగితే ముల్లు కదలాలి, కదల్లేదంటే ముల్లే తప్పు అని తేల్చుకున్నారు. ఇవాళ కంప్యూటర్లకు నేర్పిస్తున్న ఆ లెక్కను ఆయన ఏడో తరగతి చదువుతో చేశారు.

వారి అబ్బాయి గారు మన శాఖలోనే పనిచేసి రిటైరై ఈ సభలో కూర్చున్నారు. పోయిన వారం వారింటికి వెళ్లి అంతా చెప్పాను. "నాన్నగారు ఇంక్రిమెంటు ఆగిందని చెప్పారు గానీ ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు సార్" అన్నారు. ఈ సభలో చెప్పడానికి అనుమతి అడిగితే, "చెప్పండి. సంచికలో కూడా అచ్చు వేయించండి. అమ్మకు చదివి వినిపిస్తాను" అన్నారు. ఆ పాత మెమో మీద ఇప్పుడేమైనా చేయగలమేమో చూడమని, నా లిఖితపూర్వక వాంగ్మూలాన్ని కార్యదర్శి గారికి ఈ ఉదయమే ఇచ్చాను. ఫలితం ఎలా ఉన్నా, నిజం కాగితం మీద ఉండాలి.

ఇంటికి తీసుకెళ్లాల్సిన నాలుగు మాటలు

పందెపు కార్లు మన ఇళ్లలో లేవు. బ్యాటరీ స్కూటర్లు మాత్రం ఉన్నాయి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో పుట్టిన మంటల వల్ల పైన లాడ్జిలో దిగిన 8 మంది చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి కేంద్రం బ్యాటరీల భద్రతా నిబంధనలను కఠినం చేసింది. నిబంధనలు ఉన్నా మన జాగ్రత్త మనకుండాలి.

ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే చార్జింగ్ పెట్టవద్దు, అరగంటో గంటో చల్లారనివ్వండి. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడండి. మెట్ల కింద, బయటికి వెళ్లే గుమ్మం దగ్గర, రాత్రి పడుకునే గదిలో చార్జింగ్ పెట్టవద్దు. బండి తెర మీద వేడి హెచ్చరిక వెలిగితే "అదెప్పుడూ అంతే" అనుకోవద్దు. ఎప్పుడూ వెలిగేది ఒక రోజున వెలగకపోయినా అనుమానించండి. ఇంట్లో ఆడవాళ్లో, పనివాళ్లో, చిన్నపిల్లలో "ఏదో వాసన వస్తోంది, బండి వేడిగా ఉంది" అంటే లేచి వెళ్లి చూడండి. నేను వెళ్లలేదు. మీరు వెళ్లండి.

ముందు వరుసలో కూర్చున్న వారి అబ్బాయి గారికి ఈ సభా ముఖంగా చేతులెత్తి నమస్కరిస్తూ సెలవు తీసుకుంటున్నాను.